ఐవీఏ ముగించినవాళ్లకు: ఇన్సూరెన్స్ డబ్బు ఇప్పిస్తామంటే వెంటనే సంతకం పెట్టకండి

ఇంగ్లండులో ఉన్న మనవాళ్లలో ఎప్పుడో అప్పుల్లో కూరుకుపోయి, ఐవీఏ (అప్పులిచ్చినవాళ్లతో చట్టబద్ధంగా కుదుర్చుకునే వాయిదాల ఒప్పందం) పెట్టుకుని, ఏళ్ల తరబడి నోరు కట్టుకుని కట్టి బయటపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. సిగ్గుపడి ఎవరూ బయటికి చెప్పుకోరు. నేనూ చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతున్నానంటే, నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదని.

2006లో లెస్టర్‌లో చిన్న దుకాణం పెట్టుకున్నాను. దానికోసం బ్యాంకులో లోన్ తీసుకుంటే, దాంతోపాటు పీపీఐ అనే ఇన్సూరెన్స్ అంటగట్టారు. ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా వాయిదాలు అదే కడుతుందన్నారు. సొంత వ్యాపారం చేసుకునేవాడికి ఆ పాలసీ చాలావరకు అక్కరకు రాదని మాత్రం చెప్పలేదు. ప్రీమియం మొత్తాన్ని ఒకేసారి అసలులో కలిపి, దానిమీద కూడా వడ్డీ వేశారు. 2010లో దుకాణం మూతపడి ఐవీఏ పెట్టుకున్నాను. దాన్ని నడిపే సూపర్‌వైజర్‌కి నెలనెలా ఇంతని కడుతూ 60 నెలలు గడిపాను. 2015లో పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన రోజు మా ఆవిడ దాన్ని దేవుడి దగ్గర పెట్టి దండం పెట్టింది.

2017 జూన్‌లో పరిహారాలు ఇప్పించే ఒక క్లెయిమ్ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "పీపీఐని తప్పుగా అంటగట్టినందుకు మీకు బ్యాంకు నుంచి డబ్బు రావాలి సార్, మేం తెప్పిస్తాం, రాకపోతే మాకు ఒక్క పెన్నీ ఇవ్వక్కర్లేదు" అన్నారు. ఫీజు 30 శాతం, పైన వ్యాట్. ఐవీఏ సంగతి నన్ను అడగలేదు. అది ముగిసిపోయింది కదా అని నేనూ ఎత్తలేదు. కాగితాలు వచ్చాయి, సంతకం పెట్టి పంపేశాను.

ఎనిమిది నెలలకు బ్యాంకు తప్పు ఒప్పుకుంది. 4,200 పౌండ్లు. ఆ వారమంతా ఇంట్లో ఆ డబ్బు లెక్కలే. తర్వాత బ్యాంకు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది: ఆ మొత్తాన్ని మీ ఐవీఏ సూపర్‌వైజర్‌కి పంపించాం అని. మూడేళ్ల కిందట ముగిసిన ఐవీఏకి! ఆ వెనకే క్లెయిమ్ కంపెనీ బిల్లు వచ్చింది. 1,260 పౌండ్ల ఫీజు, 252 వ్యాట్, మొత్తం 1,512. నా చేతికి ఒక్క పెన్నీ రాకుండానే.

మొదట మోసం అనుకున్నాను. బ్యాంకు చేసింది చట్టం ప్రకారమే. 2017 మార్చిలోనే అప్పీల్ కోర్టు గ్రీన్ వర్సెస్ రైట్ కేసులో తేల్చేసింది: పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇచ్చినా, ఐవీఏ కింద ఏర్పడ్డ ట్రస్టు, అంటే అప్పులిచ్చినవాళ్ల కోసం ఆస్తిని పట్టి ఉంచే ఏర్పాటు, పోదు. పీపీఐ పరిహారం హక్కు ఐవీఏకి ముందు అమ్మిన పాలసీ నుంచి పుట్టింది కాబట్టి అది ఆ ట్రస్టు ఆస్తే, అప్పులిచ్చినవాళ్లకే పోతుంది. నేను సంతకం పెట్టేనాటికి ఆ తీర్పు వచ్చి మూడు నెలలైంది. రోజూ ఇదే పని చేసే కంపెనీకి అది తెలియదంటే నేను నమ్మను.

స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లు నా కథ చూసి ఆశ వదులుకోవద్దు. అక్కడ ఐవీఏ ఉండదు, దాని బదులు ట్రస్ట్ డీడ్ అనే ఒప్పందం ఉంటుంది. 2018 అక్టోబరు 31న సుప్రీం కోర్టు డూనీన్ వర్సెస్ మాండ్ కేసులో, అప్పులిచ్చినవాళ్లకు చివరి పంపకం చేయడంతో ఆ ట్రస్టు ముగిసిందని, తర్వాత బయటపడ్డ పీపీఐ డబ్బు అప్పు తీసుకున్న మనిషిదేనని చెప్పింది. బోర్డర్‌కి ఇటు ఒక న్యాయం, అటు ఒక న్యాయం. నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అయితే అక్కడైనా అంతా మీ డీడ్‌లో రాసిన మాటల మీదే ఆధారపడుతుంది, తీసి చదువుకోండి. ఇంగ్లండ్, వేల్స్‌లో దివాలా తీసినవాళ్లకైతే మాత్రం, దివాలా నుంచి డిశ్చార్జి అయిన తర్వాత కూడా ఆ డబ్బు మీద అఫీషియల్ రిసీవర్‌కి (దివాలా ఆస్తుల్ని చూసే ప్రభుత్వ అధికారికి) హక్కు ఉంటుంది.

బిల్లు మీద గట్టిగానే పోరాడాను. ఒప్పందం ఆరో పేజీలో ఒక వాక్యం ఉంది: పరిహారం మూడో వ్యక్తికి వెళ్లినా, పాత బాకీలో సర్దుకున్నా ఫీజు చెల్లించాల్సిందే. సంతకం పెట్టేటప్పుడు నేను చదవనిది అదే. "ఐవీఏ ఉందా అని మీరు అడగకుండా నాతో సంతకం ఎలా పెట్టించారు" అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని ఫిర్యాదు రాశాను. చివరికి సగం తగ్గించారు. మిగతా 756 పౌండ్లు వాయిదాల్లో కట్టాను.

పీపీఐ ఫిర్యాదుల గడువు 2019 ఆగస్టు 29తో ముగిసింది, ఇంకా ఎందుకు ఈ గోల అనిపించవచ్చు. ఇప్పుడు అదే రకం ఫోన్లు కారు ఫైనాన్స్ పేరుతో వస్తున్నాయి. డీలర్లకు దొంగచాటుగా ఇచ్చిన కమీషన్ల వ్యవహారం అది. మీరు ఆ కారును ఐవీఏకి ముందు తీసుకుని ఉంటే, వచ్చే పరిహారం ఎవరిదన్న చిక్కు మళ్లీ అదే. మధ్యవర్తి అవసరం లేదు, ఫిర్యాదు ఉచితంగా మీరే చేసుకోవచ్చు అని ఆర్థిక సంస్థల్ని నియంత్రించే ఎఫ్‌సీఏనే చెబుతోంది. ఫైనాన్స్ కంపెనీ కుదరదంటే, ఇలాంటి తగాదాలు తీర్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికీ ఖర్చు లేకుండా వెళ్లవచ్చు.

అన్నిటికంటే ముందు మీ సూపర్‌వైజర్‌కి ఉత్తరం రాయండి: "ఈ పరిహారం వస్తే ఎవరికి చెందుతుంది?" ఫోన్లో కాదు, రాతపూర్వకంగా. జవాబు చేతికి వచ్చేదాకా ఎక్కడా సంతకం వద్దు. రూల్స్ అర్థం కాకపోతే సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌ఛేంజ్ లాంటి సలహా సంస్థల్లో అడగండి, డబ్బు తీసుకోరు.

ఇప్పటికే పెట్టేసినవాళ్లు ఒప్పందం మీద తేదీ చూసుకోండి. 14 రోజుల లోపైతే కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు. పోయిన నెల బర్మింగ్‌హామ్ నుంచి మా తోడల్లుడు ఇలాగే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నో విన్ నో ఫీ అన్నారు, పెట్టేశాను" అని. లెక్కపెడితే పదకొండో రోజు. ఫోన్ పెట్టేయనివ్వకుండా రద్దు ఈమెయిల్ నేనే చెప్పి రాయించాను. అందిందని కంపెనీ నుంచి జవాబు మర్నాడు పొద్దున వచ్చింది.