ఫిలిమ్స్ డివిజన్ యూట్యూబ్ ఛానల్: సగం మ్యూట్‌లో, సగం హెడ్‌ఫోన్స్‌తో

ఫ్రీగా దొరికేదానికి రివ్యూ ఏంటి అనుకోకండి, నెలనెలా ఓటీటీలకి కట్టే డబ్బులకన్నా ఈ నెల నాకు దీంట్లోనే ఎక్కువ గిట్టింది.

నాన్న దగ్గర ఫిలిమ్స్ డివిజన్ పేరెత్తగానే నవ్వేశాడు. వాళ్ళ తెనాలి రోజుల్లో సినిమాకి ముందు న్యూస్ రీల్ పడేది కదా, "అది అయ్యేదాకా బయట సోడా తాగేవాళ్ళం రా, టైటిల్స్ టైమ్‌కి లోపలికి పోతే చాలు" అన్నాడు. 1948లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ ఇది, అప్పట్లో లైసెన్సు ఉన్న ప్రతి హాలూ వీళ్ళ రీలు వేసి తీరాల్సొచ్చేది, పైగా దానికి అద్దె కూడా హాలు వాళ్ళే కట్టుకోవాల్సొచ్చేది. జనం అంతలా తప్పించుకు తిరిగినదాన్ని నేనిప్పుడు అర్ధరాత్రిళ్ళు వెతుక్కుని మరీ చూస్తున్నా, ఖర్మ.

న్యూస్ రీళ్ళతో మొదలుపెడితే మాత్రం పది నిమిషాల్లో నిద్రొస్తుంది, ముందే చెప్తున్నా. మంత్రిగారు వచ్చారు, శంకుస్థాపన చేశారు, దేశం ముందుకెళ్తోంది, అన్నిటికీ ఒకటే గంభీరమైన గొంతు. నేనేం చేస్తానంటే సౌండ్ తీసేసి మంత్రిగారి వెనకాల చూస్తా. కెమెరా వంక నోరు తెరుచుకుని చూసే పిల్లోడు, తలమీద తట్ట దించకుండానే ఒక్క క్షణం ఆగిపోయిన కూలీ మనిషి, వాళ్ళ చీరకట్టు, కాళ్ళకి చెప్పుల్లేకపోవడం. కామెంటరీ వాళ్ళ గురించి ఒక్క ముక్క చెప్పదు.

సౌండ్ పెట్టి చూడాల్సినవి 1967, 68 నాటివి. ఇందిరా గాంధీ సమాచార శాఖ మంత్రిగా ఉన్నప్పుడు జీన్ భౌనగరీ అనే ఆయన్ని యునెస్కో నుంచి సలహాదారుగా పిలిపించారు, ఆయన వచ్చాక కుర్ర డైరెక్టర్లకి కొంచెం గాలి ఆడింది. ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన 'ఐ యామ్ 20' చూడండి, ఇరవై నిమిషాలు పెట్టుకోండి చాలు. 1947 ఆగస్టు 15న పుట్టినవాళ్ళని వెతికి పట్టుకుని ఇరవయ్యేళ్ళు వచ్చాక మాట్లాడించాడు, అంతే సినిమా. ఒకడేమో కెమెరా, టేప్ రికార్డర్ పట్టుకుని దేశమంతా తిరగాలంటాడు, ఇంకొకడు దేశం మీద నాకేం ప్రేమ లేదు, ఉన్నా ఎవరికి చెప్పుకోవాలి అనేస్తాడు. సర్కారు డబ్బుతో, స్వాతంత్ర్యం వచ్చి ఇరవయ్యేళ్ళయిన సందర్భంగా తీసిన సినిమాలో ఆ మాట కట్ చెయ్యకుండా ఉంచారంటే నమ్మలేక నేను రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నా. ప్రమోద్ పతి తీసిన 'ఎక్స్‌ప్లోరర్'లో అయితే కామెంటరీయే లేదు, షాట్లు కళ్ళముందు తూటాల్లా పోతాయి, నాకు సగం అర్థం కాలేదు, అయినా నచ్చింది.

ఈ గాలి ఎక్కువ రోజులు ఆడలేదు లెండి. 1967లో దేశాన్ని ఉన్నదున్నట్టు చూపించిన డైరెక్టర్ సుఖదేవే 1976కి వచ్చేసరికి ఎమర్జెన్సీని మెచ్చుకుంటూ సినిమా తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏ పుస్తకం చదివినా రాని చిరాకు వస్తుంది.

2022లో సంస్థని ఎన్.ఎఫ్.డి.సి. (నేషనల్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్)లో కలిపేశారు. పాత ఫిల్మ్ పాడవ్వడం మొదలైతే వెనిగర్ వాసన వస్తుంది, మెల్లగా ముడుచుకుపోతుంది, ఇక దాన్నుంచి బొమ్మ తీయడం కష్టం, అందుకే ఇలా ఛానల్లోకి ఎక్కించినవి ఎక్కించినట్టు చూసేస్తున్నా.

రేటింగ్ 5కి 4. ఆ ఒక్క మార్కు న్యూస్ రీల్ గొంతుకి కోత.

మొన్న ఆదివారం నాన్నని కూర్చోబెట్టి 'ఐ యామ్ 20' పెట్టా, సోడా కోసం లేవలేదు. అయిపోయాక "ఈ కుర్రాళ్ళకి ఇప్పుడు ఎనభై దగ్గరపడుంటాయి కదరా" అని కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ మొదట్నుంచి పెట్టమన్నాడు.