గాలి తాగే పంపు, మెత్తబడే మూల: పాత మోటార్‌హోమ్‌లో గ్రాండ్ కాన్యన్ దాకా

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ దగ్గరి కైబాబ్ అడవిలో, ఇల్లులా వాడుకునే మా మోటార్‌హోమ్ బండిలో, రాత్రి తొమ్మిదింటికి అమ్మ గిన్నెలు కడుగుతుంటే ట్యాపు తుపుక్కు తుపుక్కుమని నీళ్ళు ఉమ్మింది. కట్టేసినా లోపల పంపు ఆగలేదు, గుర్రుమంటూనే ఉంది. చూస్తే ట్యాంకులో ముప్పాతిక వంతు నీళ్ళున్నాయి. వీడియోలు వెతుకుదామంటే సిగ్నల్ లేదు. బయట కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్న నాన్న లేచి వచ్చి, సీటు కింద తలపెట్టి ఒక్క నిమిషం విన్నాడు.

"ఒరేయ్, ఇది నీళ్ళు తాగట్లేదు, గాలి తాగుతోంది. నీళ్ళు లాగే సక్షన్ వైపు చూడు."

తెనాలి దగ్గర మా పొలానికి కాలవ గట్టున ఆయిలింజను పెట్టి నలభై ఏళ్ళు నీళ్ళు తోడిన మనిషి ఆయన. ఫుట్‌వాల్వు కారినా, పైపు జాయింటులో వెంట్రుకంత సందున్నా చప్పుడులో వచ్చే తేడా ఆయన చెవికి తెలుసు. పన్నెండు వోల్టుల బుల్లి పంపుకైనా అదే లెక్క. పంపు ముందు చెత్త ఆపడానికి అరచేతిలో పట్టేంత జాలీ గిన్నె ఒకటి ఉంటుంది. ప్రయాణానికి ముందు దాన్ని విప్పి కడిగింది నేనే. మూత బిగించేటప్పుడు రబ్బరు రింగు గాడిలో కూర్చోకుండా ఒకచోట నలిగింది. నాన్న సెల్‌ఫోన్ లైటు పట్టుకుంటే రింగు తీసి, ఇసుక కడిగి, తడిచేత్తో చుట్టూ నొక్కి మళ్ళీ బిగించాను. పంపు నాలుగుసార్లు దగ్గి, ప్రెషర్ అందుకుని తనంతట తనే ఆగింది.

అంతకుముందు మూడు రాత్రులు ఈ సంగతి ఎందుకు బయటపడలేదంటే, దిగిన ప్రతిచోటా బయటి కొళాయికి గొట్టం తగిలించుకున్నాం. ఆ నీళ్ళు వాటి ప్రెషర్‌తోనే వస్తాయి, పంపుకు పనే ఉండదు. బాగుచేశానని నేను అనుకున్నది నిజానికి చెడగొట్టింది. అందుకే ఎవరైనా అడిగితే మొదట ఇదే చెబుతాను: సొంతంగా ఏది విప్పి బిగించినా, ప్రయాణానికి ముందు ఇంటి ముందే బండి ఆపుకుని, బయటి కరెంటూ నీళ్ళూ లేకుండా ఒక రాత్రి అందులో పడుకోండి.

బండి సంగతి చెప్పాలి. 2006 నాటి క్లాస్ సి, అంటే డ్రైవరు నెత్తిమీద కూడా మంచం వచ్చేలా కట్టే రకం, ఫోర్డ్ ఈ-450 వ్యాను చాసిస్ మీద కట్టింది. పొడవు 26 అడుగులు. వి10 ఇంజను, గ్యాలనుకు ఎనిమిది మైళ్ళిస్తే పండగే. అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారని, హోటలు తిండి అమ్మకు పడదని, డాలస్‌లో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర కొన్నాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది. ఇంటికొచ్చాక డ్రైవరు నెత్తిమీది మంచం మూల బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. నానిన అప్పడంలా ఉంది.

క్లాస్ సి బండ్లకు జబ్బు మొదలయ్యేది అక్కడే. ముందుకు పొడుచుకొచ్చిన ఆ భాగానికి ఎదురుగాలితో కొట్టే వాన తగులుతుంది, మూల పట్టీ కింద మరమేకుల చుట్టూ పుట్టీ ఎండి పగులుతుంది, బొట్టు బొట్టుగా నీళ్ళు లోపలి చెక్కలోకి దిగుతాయి. రిపేరు షాపులో అడిగితే మూడు వారాల తర్వాత రమ్మన్నారు, చూసినందుకే రెండు గంటల కూలీ అన్నారు. సరే, నేనే దిగాను. లోపలి పలచటి ప్లైవుడ్ కోసి తీస్తే వెనక చెక్క వేళ్ళతో పిండితే పొడిపొడిగా రాలింది. కొత్త పైన్ చెక్క వేసి, బయట మూల పట్టీ మొత్తం విప్పి, పాత పుట్టీని ప్లాస్టిక్ గరిటెతో గీకి, నీళ్ళు దిగకుండా ఆపే జిగురు బ్యూటైల్ టేపు వేసి మళ్ళీ బిగించాను. పైకప్పు మీద గొట్టాలూ కిటికీలూ చుట్టూ, దానంతటదే పరుచుకునే ల్యాప్ సీలెంట్ పోశాను. నాకంటే ముందు యజమాని అక్కడక్కడా మామూలు సిలికాన్ పూసి పెట్టాడు. దాని మీద తర్వాత ఏదీ అంటుకోదు. పని మొత్తంలో సగం రోజులు ఆ సిలికాన్ గీకడానికే పోయాయి. మీరు మాత్రం ఆ పని చేయకండి.

నేను చేయి పెట్టనివి మూడు: టైర్లు, బ్రేకులు, గ్యాసు లైను. టైర్ల పట్టీలు కొత్తవాటిలా ఉన్నాయి కానీ పక్కన డాట్ నంబరు చివర 3514 అని ఉంది, అంటే 2014లో ముప్పై అయిదో వారం తయారైనవి. ఈ బండ్లు నడిచేదానికంటే నిలబడేదే ఎక్కువ, అందుకే టైర్లు అరగక ముందే ముసలివవుతాయి. ఆరూ మార్పించాను. ఆ బిల్లు చూసి మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

డాలస్ నుంచి 287 హైవే మీద విచిటాఫాల్స్ దాటి అమరిల్లో. పత్తి చేలు, గాలిమరలు, మనిషి కనపడని రోడ్డు. మొదటి మజిలీ పాలోడ్యూరో కాన్యన్ స్టేట్ పార్కు. లోయలోకి దిగే రోడ్డు పది శాతం వాలు. బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే కింద చేరేసరికి కమురు వాసన వస్తుంది, పైనే చిన్న గేరులో పడేసి ఇంజనుతోనే ఆపుకుంటూ దిగాలి. కింద చోటుచోటుకూ నీళ్ళూ కరెంటూ ఉన్నాయి, స్నానాల గదులు శుభ్రంగా ఉన్నాయి, ఎర్ర గోడల మీద సాయంత్రపు ఎండ. ప్రయాణం మొత్తంలో ఇచ్చిన డబ్బుకు తగ్గ చోటు ఇదే అని నా లెక్క. అమ్మ ఆ ఎర్రమట్టి చూసి గోంగూర బాగా కాస్తుందని తేల్చేసింది.

రెండో రాత్రి ఆల్బకర్కీ దాటాక ఐ-40 హైవే పక్కన, ఇలాంటి బండ్లు అద్దెకు ఆపుకునే ఒక ప్రైవేటు పార్కు. పేరు రాయను. ఆన్‌లైన్ ఫొటోల్లో ఈతకొలను ఉంది, అక్కడ దానికి తాళం ఉంది. అది సరే. సాయంత్రం అందరూ ఏసీలు వేసేసరికి 120 ఉండాల్సిన వోల్టేజీ 104కు పడిపోయి, నేను పెట్టుకున్న రక్షణ పెట్టె కరెంటు కట్ చేసింది. ఎండాకాలం సాయంత్రాలు మా ఊళ్ళో బోరు మోటారు మూలిగిన లో వోల్టేజీ అమెరికాలోనూ దొరుకుతుందని నాన్నకు భలే సంతోషం వేసింది. ఆ పెట్టె లేకుండా అలాగే నడిపితే కాలేది ఏసీ కంప్రెసరు. నీళ్ళ ప్రెషర్ మాత్రం అక్కడ మరీ ఎక్కువ. కొళాయికి రెగ్యులేటరు బిగించకపోతే బండి లోపలి ప్లాస్టిక్ జాయింట్లు ఊడిపోతాయి. కరెంటుకు పెట్టె, నీళ్ళకు రెగ్యులేటరు. ఈ రెండూ లేకుండా నేను ఎవరి పార్కులోనూ ప్లగ్గు పెట్టను.

ఇక్కడే 30 ఆంప్‌ల లెక్క కూడా చెప్పుకోవాలి. మా బండికి వచ్చేది 120 వోల్టుల్లో 30 ఆంప్‌లు, అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, రైస్‌కుక్కర్ కలిపి పెడితే బ్రేకరు ఠప్పున పడిపోతుంది. అమ్మకు రెండో రోజుకే అలవాటైంది, "ఏసీ ఆపండి, అన్నం పెడుతున్నా" అని కేకేసేది.

అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ జాతీయ పార్కులో మూడు గంటలు ఆగాం. రాళ్ళయిపోయిన చెట్ల మొద్దులు, రంగుల ఎడారి, పాత రూట్ 66 పోయిన చోట తుప్పుపట్టిన 1932 స్టూడిబేకర్ కారు. క్యాంప్‌గ్రౌండు లేదు, రాత్రి బండిలో ఉండే వీల్లేదు. ఆ రాత్రి ఫ్లాగ్‌స్టాఫ్‌లో మామూలు పార్కు.

నాలుగో రాత్రి గ్రాండ్ కాన్యన్ ముంగిట ఉండే టుసాయన్ ఊరికి ముందు కైబాబ్ జాతీయ అటవీ భూమి. డబ్బు కట్టక్కర్లేదు, పద్నాలుగు రోజులదాకా ఉండొచ్చు. నీళ్ళు, కరెంటు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు. పంపు కథ ఇక్కడిదే. కానీ నాకు అసలు టెన్షన్ పంపుతో కాదు, బ్యాటరీతో. ఇంతకుముందు ఒకసారి ఇలాగే చలిలో ఆగితే తెల్లవారుజామున నాలుగింటికి హీటర్ ఆగిపోయింది. గ్యాసు నిండుగానే ఉంది. వేడిగాలిని తోసే ఫ్యాను రాత్రంతా నడిచి బ్యాటరీని తాగేసింది. పాత సీసం బ్యాటరీల్లో సగానికి మించి వాడుకోకూడదు, మావి మరీ ముసలివి. చిన్నది వణుకుతూ "నాన్నా, ఇల్లు ఎప్పుడు?" అని అడిగింది. ఆ మాటకు వచ్చిన ఖర్చే ఇది: 100 ఆంప్-అవర్ల లిథియం బ్యాటరీలు రెండు, పైకప్పు మీద 200 వాట్ల సోలార్, పాత చార్జరు తీసేసి లిథియానికి సరిపడేది, ఇంజను నుంచి వచ్చే చార్జింగుకు మధ్యలో డీసీ-డీసీ పెట్టె. ఆ పెట్టె లేకపోతే ఖాళీ లిథియం ఒక్కసారిగా లాగి ఆల్టర్నేటరును వేడెక్కిస్తుంది. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. లిథియాన్ని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు కాబట్టి బయటి పెట్టెలోంచి తీసి మంచం కింద పెట్టాను. ఈసారి పొద్దున లేచి చూస్తే ఇంకా 71 శాతం ఉంది. అమ్మ మాత్రం సోలార్ గురించి ఒక్క ముక్క మెచ్చుకోలేదు. ఆమెకు నచ్చింది పైకప్పుకు నేను బిగించిన వెంట్ ఫ్యాను. ఎండుమిరపకాయల పోపు పడితే చాలు, పొగ అలారం కూసేది. పాత కిటికీ 14 అంగుళాల చదరమే కాబట్టి కొత్తది ఉన్న బొక్కలోనే కూర్చుంది. ఒక్క మధ్యాహ్నం పని. చేసిన మార్పులన్నిటిలో ఖర్చుకు మించిన సుఖం ఇచ్చింది ఇదే.

గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున రెండు చోట్లూ చూశాం. మాథర్ క్యాంప్‌గ్రౌండులో హుకప్‌లు (బండికి తగిలించుకునే నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం కనెక్షన్లు) లేవు, ముప్పై అడుగులకు మించిన బండ్లకు చోటు లేదు, జనరేటరు వేసుకోవడానికి పొద్దున, సాయంత్రం కొన్ని గంటలే. చెట్ల మధ్య ఎడం ఎడంగా ఉంటుంది. పొద్దున తలుపు తీస్తే ఎల్క్ దుప్పి మా పిక్నిక్ బల్ల పక్కనే నిలబడి ఉంది. ట్రెయిలర్ విలేజ్‌లో అన్ని హుకప్‌లూ ఉన్నాయి, బండి వెనక్కి తీసే పని లేకుండా ముందునుంచి ముందుకే పోవచ్చు, కానీ అద్దె మాథర్ కంటే చాలా ఎక్కువ, బండ్లు పక్కపక్కనే. బ్యాటరీ బాగున్నవాళ్ళు మాథర్‌కే వెళ్ళాలి. పెద్దవాళ్ళు వేడినీళ్ళ స్నానం చేయాలంటే ఒక్క రాత్రి రెండోది. మేమలాగే చేశాం. రెండు చోట్లనుంచీ ఉచిత షటిల్ బస్సు ఉంది, బండి కదపక్కర్లేదు.

అక్కడ ఎత్తు ఏడు వేల అడుగులు, నీళ్ళు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో వండిన కందిపప్పు గంటైనా పలుకు పలుకుగానే ఉంది. కుక్కరు తీసుకెళ్ళండి.

ట్రెయిలర్ విలేజ్‌లో వేడినీళ్ళకు కుళ్ళు కోడిగుడ్డు వాసన వచ్చింది. మాది సబర్బన్ కంపెనీ హీటరు. దాని ట్యాంకులో ఆనోడ్ రాడ్ ఉంటుంది, తుప్పు ట్యాంకును తినకుండా అది తనను తినిపించుకుంటుంది. హీటరు ఆపి, చల్లారి, ప్రెషర్ వదిలాక పెద్ద సాకెట్‌తో విప్పితే బొటనవేలంత లావుండాల్సిన కడ్డీ ఊచలా బయటికొచ్చింది, వెనకే తెల్లటి సుద్దలాంటి ముద్దలు. సామాను పెట్టెలో కొత్త రాడ్ ఉంది కాబట్టి సరిపోయింది, మార్చి ట్యాంకు కడిగితే వాసన పోయింది. నాన్న ఆ పాత ఊచను పారేయనివ్వలేదు.

మరుగుదొడ్డి ట్యాంకు గురించి ఒక్క ముక్క, భోజనం అయ్యాక చదవండి. ఫుల్ హుకప్ ఉంది కదా అని వాల్వు తెరిచి ఉంచకండి. నీళ్ళు పోయి గట్టిది అడుగున గుట్టగా మిగులుతుంది. నిండాక ఒక్కసారే వదలాలి. ఇది నాకు ఎలా తెలిసిందో చెప్పను.

తిరుగు ప్రయాణంలో విచిటాఫాల్స్ దగ్గర వాన పట్టుకుంది, అదీ ఎదురుగాలితో. ఇల్లు చేరగానే చెప్పులు కూడా విప్పకుండా మంచం ఎక్కి మూలలు నొక్కి చూశాను. నేను బాగుచేసిన కుడి మూల పొడిగా గట్టిగా ఉంది. ఎడమ మూల కొద్దిగా మెత్తగా తగిలింది. కిందినుంచి నాన్న నా మొహం చూశాడు.

"నిచ్చెన ఎక్కడ పెట్టావురా?" అన్నాడు.