ముందు రాజీనామానా, ముందు పడుగా?

మా ఆఫీసు క్యాంటీన్‌లో బట్టల బ్రాండ్ పెట్టాలనుకునేవాళ్లను లెక్కపెడితే ఒక టీమ్ అవుతుంది. నేనూ ఆ బాపతే. చేనేత షర్టులో, ఆర్గానిక్ కాటన్ టీషర్టులో అమ్ముకుందామని అందరికీ ఉంటుంది. అందరి అనుమానమూ ఒకటే: ఉద్యోగం మానేసి మొదలెట్టాలా, చేస్తూనే మొదలెట్టాలా? నా మటుకు నాకు దీని జవాబు ధైర్యంలో లేదు, మీరు ఎంచుకున్న గుడ్డలో ఉంది.

ముందు చేనేత సంగతి. మంగళగిరిలో మొదటి పడుగుకు (మగ్గం మీద నిలువుగా కట్టే పోగులు, ఒక పడుగంటే ఒక విడత బట్ట) అడ్వాన్స్ ఇచ్చినప్పుడు మూడు వారాల్లో బట్ట చేతికొస్తుందని ఎక్సెల్‌లో రాసుకున్నాను. నూలుకు రంగు వేయాలి, పడుగు తయారుచేయాలి, దాన్ని వీధిలో బారుగా సాగదీసి గంజి పెట్టి ఆరబెట్టాలి, పాత పడుగు కొసలకు పోగు పోగూ అతకాలి. ఇంతా అయ్యాక గానీ నేత మొదలవదు. ఈలోగా వానలొచ్చాయి. ఫోన్ చేస్తే మాస్టర్ వీవర్, అంటే నేతగాళ్లకు పని ఇచ్చి నేయించే పెద్దాయన, నవ్వేశారు. "వానల్లో గంజి ఎట్టా ఆరుద్దమ్మా? మగ్గం గుంటలోకి కూడా నీళ్లొచ్చినయ్. నీ షెడ్యూలు సంగతి వరుణదేవుణ్ణి అడుగు."

మూడు వారాలు కాస్తా ఏడయ్యాయి. నెలాఖరున జీతం మెసేజ్ మాత్రం టంచనుగా వచ్చింది. అప్పటికే మానేసి ఉంటే ఆ వానకు నాకు నిద్ర పట్టేది కాదు. మగ్గం మన తొందర వినదు. మొదటి ఏడాది పనిలో సగం ఎదురుచూపే కాబట్టి, అది ఉద్యోగం చేసుకుంటూ కూడా చేయొచ్చు.

ఇక డబ్బు. నా షర్టు ధర 1,590 రూపాయలు. రెండుంపావు మీటర్ల బట్టకు 540, కుట్టుకూలి 280, గుండీలు, లేబుల్, ఉతుకు, ఇస్త్రీ, ప్యాకింగ్‌కు 90, కొరియర్‌కు 80. జీఎస్టీ సుమారు 76 (2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 లోపు దుస్తులకు 5 శాతమే, అది దాటితే 18). మిగిలేది 524. ప్రకటనలకు, సైజు సరిపోక వెనక్కొచ్చేవాటికి 200 తీసేయండి, 324. నెలకు 80 వేల జీతానికి సమానం కావాలంటే దాదాపు 250 షర్టులు అమ్మాలి, అంటే 560 మీటర్ల బట్ట. సాదా నేత రోజుకు నాలుగు మీటర్లు పడినా నెలకు ఒక మగ్గం మీద 95 మీటర్లు దాటదు. ఆరు మగ్గాలు ఏడాది పొడవునా ఆడితేనే నా పాత జీతం నాకొస్తుంది. ఈ లెక్క వేసుకోకుండా రాజీనామా మెయిల్ టైప్ చేయకండి.

అలాగని ఉద్యోగం చేస్తూ చేయడం హాయి కాదు. కుట్టు పని ఆదివారం జరగదు. ఒక మంగళవారం నేను క్లయింట్ కాల్‌లో ఉండగా, కటింగ్ మాస్టర్ బట్టను నీళ్లలో నానబెట్టకుండానే కోసేశాడు. 38 షర్టులు. తొలి ఉతుకులోనే 42 సైజు 40 అయి కూర్చుంది. అక్కడ నేనుంటే ఆగేది. పైగా చాలా కంపెనీల ఆఫర్ లెటర్లో ఇంకో వ్యాపారం చేయకూడదన్న షరతు ఉంటుంది. అమ్మ పేరు మీద పెట్టి నడిపేవాళ్లున్నారు, నేనైతే హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. దొంగచాటు టెన్షన్ ఎవరికి కావాలి?

టీషర్టులైతే కథ వేరు. తమిళనాడులోని తిరుప్పూర్‌లో అల్లిక, రంగు, కటింగ్ అన్నీ పెద్ద లాట్లలో నడుస్తాయి. పది షర్టుల కోసం ఎవరూ రంగు మిషన్ తిప్పరు. నొయ్యల్ నది పాడవడంతో 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి రంగు యూనిట్లను మూసేయమంది. ఆ తర్వాత మురుగు చుక్క బయటికి పోకుండా శుద్ధి చేసే ఖర్చు రంగు ధరలో కలిసింది, కలవాల్సిందే కూడా. గాట్స్ ముద్ర (ఆర్గానిక్ బట్ట అని చెప్పే అంతర్జాతీయ గుర్తింపు) కావాలంటే పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు నుంచి కుట్టే యూనిట్ దాకా ప్రతి మెట్టుకూ సర్టిఫికెట్ ఉండాలి. లాట్ దిగాక స్టాకంతా ఒకేసారి మీ నెత్తిన పడుతుంది, దాన్ని వారాంతాల్లో అమ్మడం అయ్యే పని కాదు. ఈ దారిలో వెళ్లేవాళ్లు పెట్టుబడితో పాటు ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని, పూర్తిగా మానేసి దిగడమే నయం.

చేనేత అనగానే సస్టైనబుల్ అయిపోదు, అది కూడా చెప్పాలి. మగ్గం కరెంటు తాగదు, నిజమే. కానీ నూలు ఎక్కువగా మిల్లుదే, రంగు చాలాచోట్ల రసాయనమే. ఇక ఖాదీ అన్న పేరు లేబుల్ మీద వేయాలంటే 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ ఉండాలి. నేను లేబుల్ మీద "మిల్లు నూలు, చేతినేత" అనే రాస్తాను.

మానేసేటప్పుడు చాలామంది మరిచేది ఇన్సూరెన్స్. అమ్మానాన్నలకు ఆఫీసు ఇచ్చిన కవర్ చివరి పనిదినంతో పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే అప్పటికే ఉన్న జబ్బులకు కొంతకాలం కవర్ రాదు (వెయిటింగ్ పీరియడ్) కాబట్టి, ఉద్యోగంలో ఉండగానే అది తీసుకోండి. ఐదేళ్ల సర్వీసు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది. గ్రాట్యుటీకి కూడా రెగ్యులర్ ఉద్యోగులకు ఐదేళ్లే గీత. నాలుగేళ్ల ఎనిమిది నెలల దగ్గర ఉంటే కాస్త ఓపిక పట్టండి. పెళ్లి సంబంధాల సంగతి నేను చెప్పను, మీ పెద్దమ్మే చెబుతుంది.

చేనేతకైతే నా ఓటు ఉద్యోగం చేస్తూ మొదలెట్టడానికే. కనీసం నాలుగు పడుగులు దిగేదాకా, కొన్నవాళ్లు రెండోసారి కొనేదాకా. నేను ఐదో పడుగు దాకా ఆగాను. అప్పటికి ఐదు మగ్గాలు నా బట్టే నేస్తున్నాయి, ఆర్డర్లు ఉండి కూడా రోజులు చాలక పంపలేకపోయాను. రాజీనామా ఇచ్చింది అప్పుడే. 90 రోజుల నోటీసులో సాయంత్రాలన్నీ ఆరో మగ్గం మీద కూర్చునే మనిషి కోసం ఫోన్లు చేయడంతోనే సరిపోయింది. ఇప్పుడున్న నేతగాళ్ల పిల్లలందరూ మేం వదిలి వస్తున్న ఉద్యోగాలకే చదువుతున్నారు. ఆ మగ్గం ఇంకా ఖాళీగానే ఉంది.