లవ్ అండ్ డ్యాన్సింగ్: పాట తక్కువ, దరువు ఎక్కువ

ఎనభైల సింథ్‌పాప్ (సింథసైజర్లతో కట్టే పాప్) పాటల ఎక్స్‌టెండెడ్ మిక్సుల్లో, అంటే డ్యాన్సుల కోసం నిడివి పెంచిన రూపాల్లో, చాలావాటిది ఒకటే తంతు, మొదట కాసేపు ఉత్త డ్రమ్స్, మధ్యలో కాస్త సాగదీత, అంతే. బ్రిటిష్ బ్యాండ్ హ్యూమన్ లీగ్ వాళ్ల 1981 ఆల్బమ్ ‘డేర్’ పాటల్ని ప్రొడ్యూసర్ మార్టిన్ రషెంట్ ఊడదీసి మళ్లీ బిగించిన ‘లవ్ అండ్ డ్యాన్సింగ్’ రికార్డు ఆ బాపతు కాదు. 1982లో వచ్చింది. కవర్ మీద బ్యాండ్ పేరు లీగ్ అన్‌లిమిటెడ్ ఆర్కెస్ట్రా అని ఉంటుంది, అమెరికన్ గాయకుడు బ్యారీ వైట్ నడిపిన లవ్ అన్‌లిమిటెడ్ ఆర్కెస్ట్రాను గుర్తుచేసేలా సరదాగా పెట్టుకున్నారు.

రషెంట్ గొంతులు దాదాపు తీసేశాడు. అక్కడక్కడ ఒక ముక్క తగులుతుంది, అదీ నత్తి వచ్చినట్టు ఒకే అక్షరం దగ్గర టకటకా కొట్టుకుంటూ. ఇప్పుడైతే ల్యాప్‌టాప్‌లో చిటికెలో అయిపోతుంది గానీ అప్పుడు టేపును బ్లేడుతో కోసి అతికించాల్సిందే, అందుకే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే ఆయన ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది. ‘డేర్’లోని ‘డోంట్ యూ వాంట్ మీ’ పాట మనం లెక్కలేనన్నిసార్లు విన్నదే కదా, ఇందులో మాటలు పక్కకు తప్పుకునేసరికి కింద నడిచే సింథ్ బేస్, లిన్ డ్రమ్ మెషీన్ ఎంత కండతో ఉన్నాయో తెలిసొస్తుంది.

‘సెకండ్స్’ పాట మాత్రం ఊపందుకునేలోపే అయిపోయింది, నాకైతే చిరాకేసింది. పైగా ‘డేర్’ వినకుండా నేరుగా దీనికొస్తే సగం మజా పోతుంది. 2002లో రెండూ కలిపి ఒకే సీడీగా వేశారు, దొరికితే అదే కొనండి.