వాగు నీటిమట్టం లాగర్: మూడేళ్లు వాడాక నా రివ్యూ

మా చేను పక్క వాగు కిందుగా లాంగ్‌వాల్ ప్యానెల్ (భూమి లోపల బొగ్గు తవ్వే పొడవాటి గని ముక్క) వెళ్తుందని తెలియగానే నేను కొన్నది ఇదే. జానెడు స్టీల్ గొట్టం, లోపల ప్రెషర్ సెన్సర్, టెంపరేచర్ సెన్సర్, బ్యాటరీ, అంతే. మడుగు అడుగున రాతికి మేకు కొట్టి కట్టేస్తే 15 నిమిషాలకోసారి తన మీద ఎన్ని నీళ్లున్నాయో రాసుకుంటూ పోతుంది. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఈ రకంవన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి.

దీంతో ఏం పని అనుకునేవాళ్లకి కొంచెం చెప్పాలి. లాంగ్‌వాల్‌లో 200 నుంచి 400 మీటర్ల వెడల్పున బొగ్గంతా తీసేసి వెనక రూఫ్‌ని కూలనిచ్చేస్తారు, ఆ కుంగుడు పైనేల దాకా వస్తుంది, 2 మీటర్ల సీమ్ (బొగ్గు పొర) తీస్తే పైన ఒక మీటర్ కూడా దిగొచ్చు. ప్యానెల్ నడిమధ్యలో ఎక్కువ కుంగుతుంది, ప్యానెళ్ల మధ్య వదిలిన పిల్లర్ల మీద తక్కువ. దాంతో సాఫీగా వాలుగా పోయే వాగు ఎగుడుదిగుడైపోతుంది, ప్యానెల్‌లోకి దిగే చోట వాలు పెరిగి నీళ్లు గట్టు కోసేస్తాయి, బయటికెళ్లే చోట వాలు చచ్చిపోయి నీళ్లు నిలబడి బురద మేట వేస్తుంది, గులకరాళ్ల మీద గలగలా పారిన చోటు మునిగిపోయి రాళ్ల సందుల్లో బతికే పురుగులకి ఇల్లు లేకుండా పోతుంది. లోయ అడుగున అయితే రాతి పలకలు పక్కల నుంచి ఒత్తుకుని విరిగి పైకి లేస్తాయి, ఆ సందుల్లోంచి నీళ్లు కిందకి దిగి కొంత దూరం పోయాక మళ్లీ పైకి తేలతాయి, అప్పుడు ఇనుము చిలుముతో నారింజ రంగులో ఉంటాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నేను నాలుగు కొన్నా. ఒకటి కుంగుడు తగలనంత ఎగువన, ఒకటి ప్యానెల్ మధ్య మడుగులో, ఒకటి దిగువ చివర, నాలుగోది గట్టు మీద చెట్టుకి, గాల్లో. ఈ గాల్లోది తప్పనిసరి, అమ్మినవాళ్లు ఈ ముక్క సరిగ్గా చెప్పలేదు. లాగర్ నీటి బరువుతో పాటు గాలి ఒత్తిడినీ కలిపి కొలుస్తుంది, గాలి ఒక కిలోపాస్కల్ మారితే 10 సెంటీమీటర్ల నీళ్లు పెరిగినట్టో తగ్గినట్టో చూపిస్తుంది, అందుకే గాల్లోది చూపిన ఒత్తిడిని అందులోంచి తీసేయాలి. మొదట్లో ఇది తెలియక నా రెండు నెలల లెక్క పనికిరాకుండా పోయింది.

ఇక దీని అసలు విలువ ఎక్కడ తెలిసిందంటే, గని మా మడుగు కింద దాటాక. అంతకుముందు వాన వెలిశాక మడుగు పదిరోజులు మెల్లగా తగ్గుతూ, నీళ్లు పొర్లిపోయే రాతి అంచు దగ్గర ఆగేది. ఆ అంచు కిందకి దిగాక బయటికి పారేది ఏమీ ఉండదు కాబట్టి ఎండకి ఆవిరైపోయే మిల్లీమీటర్లే తగ్గాలి. గని దాటాక రెండ్రోజుల్లో అంచుకొచ్చేసి, ఆగకుండా రోజుకి ఏడెనిమిది సెంటీమీటర్లు దిగిపోవడం మొదలైంది. రాత్రిళ్లు కూడా అదే స్పీడు! రాత్రి ఎండెక్కడిది? నీళ్లు అడుగు నుంచే పోతున్నాయన్నమాట. ఈ ఏడు వానలు తక్కువ అన్నవాళ్ల ముందు ఎగువ లాగర్ గ్రాఫ్ పక్కన పెట్టా, అక్కడ మడుగు ఎప్పట్లాగే ఉంది. మళ్లీ వానల మాట ఎత్తలేదు.

లోపం కూడా చెప్తా, ఇది కొనేముందే తెలియాల్సిన విషయం. దిగువ చివర లాగర్ అదే టైమ్‌లో లోతు పెరిగిందని చూపించింది, గ్రాఫ్ ఒక్కటే చూసినవాడు వాగు బాగుపడింది అనుకుంటాడు. జరిగింది ఏంటంటే నేల కుంగింది, నేలతో పాటు మేకూ లాగరూ దిగాయి, ఆ గుంటలో నీళ్లు నిలబడ్డాయి. ఈ పరికరం తన మీది నీటినే కొలుస్తుంది, తాను ఎంత కిందకి దిగిందో దానికి తెలీదు. అందుకే కుంగుడు తగలని చోట ఒక బెంచ్‌మార్క్ (ఎత్తులు పోల్చుకోడానికి కదలని గుర్తు) పెట్టించి లాగర్ మేకుకీ, ఆ పొర్లే అంచుకీ లెవెల్ తీయించుకోవాలి, గనికి ముందోసారి, తర్వాతోసారి. కుంగుడు ప్యానెల్ అంచు దాటి కూడా పాకుతుంది, సీమ్ 300 మీటర్ల లోతులో ఉంటే పైన 150 నుంచి 200 మీటర్ల దాకా, బెంచ్‌మార్క్ ఇంకా దూరం ఉండాలి.

చిన్న చిరాకులు: బ్యాటరీ మార్చడానికి లేదు, అయిపోతే మొత్తం పారేయడమే. బురద నీళ్లలో సెన్సర్ రంధ్రాలు పూడుకుపోతాయి, నెలకోసారి తీసి కడిగి, స్కేలు ముంచి లోతు సరిచూడాలి. సాఫ్ట్‌వేర్ పాతకాలంది కానీ పనైపోతుంది.

కొనాలనుకుంటే గని రాకముందే కొనండి, కనీసం రెండేళ్ల ముందు. ఎండాకాలంలో మీ మడుగు మామూలుగా ఎంత తగ్గుతుందో రికార్డు లేకపోతే తర్వాత ఎంత మంచి లాగర్ పెట్టినా వాదనకి పనికిరాదు.

5కి 4 ఇస్తా. మా మడుగు బీటల్లోకి గనివాళ్లు సిమెంట్ గ్రౌట్ (పల్చటి సిమెంట్ ముద్ద) ఎక్కించి వెళ్లారు, అదే మేకుకి అదే లాగర్ మళ్లీ కట్టా. మొన్నటి వాన తర్వాత చూస్తే అంచు కిందకి ఇంకా రోజుకి రెండు సెంటీమీటర్లు దిగుతోంది.