గాజులో నెలలు, సీసంలో రాశులు

మధ్యయుగ ఇంగ్లాండ్‌లో కాలచక్రాన్ని బొమ్మల్లో చూడాలంటే నా దృష్టిలో రెండు దారులు: నార్విచ్ నగరపు గాజు బిళ్లలు (కిటికీల్లో బిగించే బొమ్మల గాజు), కెంట్ కౌంటీలోని బ్రూక్‌లాండ్ చర్చిలో ఉన్న సీసపు జ్ఞానస్నానపు తొట్టి.

గాజు బిళ్లలు 15వ శతాబ్దానివి. తెల్లటి గాజు మీద ముదురు గోధుమ రంగు గీతలు గీసి, వెనక వైపు వెండి లవణం పూసి కొలిమిలో కాలుస్తారు. అప్పుడు పసుపు రంగు గాజులోకే దిగిపోతుంది. అందుకే జుట్టు, బట్టలు ఇప్పటికీ బంగారంలా మెరుస్తాయి. ఇళ్ల కిటికీల్లోనూ ఇలాంటివి పెట్టుకునేవారు, కాబట్టి దగ్గరగా నిలబడి చూడొచ్చు. అయితే ఇంగ్లీషు గాజులో ఎక్కువగా దొరికేది నెలల పనులే, అంటే ఏ నెలలో మనుషులు ఏ పని చేస్తారో చూపే బొమ్మలే. రాశుల కోసం వెళ్తే నిరాశ తప్పదు. రాశీ పనీ పక్కపక్కనే ఉన్న గాజు కావాలంటే ఫ్రాన్స్‌లోని షార్ట్ర్ కేథడ్రల్‌కి పోవాల్సిందే.

బ్రూక్‌లాండ్ తొట్టి 12వ శతాబ్దానిది. పై వరసలో రాశి, సరిగ్గా దాని కింద ఆ నెల పని. జనవరికి రెండు ముఖాల రోమన్ దేవుడు జానస్, ఫిబ్రవరికి మంట దగ్గర చలి కాచుకునే మనిషి. రాశుల పేర్లు లాటిన్‌లో, నెలల పేర్లు నార్మన్ ఫ్రెంచ్‌లో. తొట్టి చుట్టూ బొమ్మలున్న తోరణాలు పన్నెండు కాక ఇరవై ఉండటంతో మార్చి నుంచి అక్టోబర్ దాకా మళ్లీ వస్తాయి! ఆ పునరుక్తి నాకు చాలా ఇష్టం.

వెలుగు, గీత పనితనం కావాలంటే గాజు. రాశుల కోసమైతే ఆలోచించకుండా బ్రూక్‌లాండ్ వెళ్లండి.