మాక్సిమస్ బీబీఎస్‌లో ప్రశ్నావళుల తయారీ: ఒక సమీక్ష

టెలిఫోను తీగ మీద మోడెమ్‌తో కలిసి సభ్యులు సందేశాలు రాసుకొనే కంప్యూటరు బులెటిన్ బోర్డులకు (బీబీఎస్) వార్డ్ క్రిస్టెన్‌సెన్, రాండీ స్యూస్ 1978 ఫిబ్రవరి 16న షికాగోలో శ్రీకారం చుట్టారు. కొత్తగా వచ్చిన సభ్యుణ్ణి నాలుగు ప్రశ్నలడిగి, ఆ జవాబులను బోర్డు నడిపే సిస్‌ఆప్‌కు చేరవేసే ప్రశ్నావళులు ఆ తరువాతి బీబీఎస్ సాఫ్ట్‌వేర్‌లలో దాదాపు అన్నిటిలోనూ కనిపిస్తాయి. వాటిలో స్కాట్ డడ్లీ రాసిన మాక్సిమస్ ఈ పనికి ఎంత అనువుగా ఉందో తెలుసుకోవాలని, పాత డాస్ ప్రోగ్రాములను నేటి కంప్యూటరు మీద నడిపించే డాస్‌బాక్స్‌లో రెండు వారాలపాటు దానిని నడుపుతూ పన్నెండు ప్రశ్నల ఫారం ఒకటి తయారుచేశాను.

మాక్సిమస్‌లో ప్రశ్నావళి అంటే మెక్కా భాషలో రాసిన మామూలు పాఠ్య దస్త్రమే. తెరమీద కనిపించవలసిన వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా రాసుకుంటూ పోయి, రంగు మారవలసిన చోట, జవాబు తీసుకోవలసిన చోట చదరపు బ్రాకెట్లలో ఆదేశాలను పొదగాలి. ఓపెన్ అనే ఆదేశం జవాబుల దస్త్రాన్ని తెరుస్తుంది. పోస్ట్ అనేది సభ్యుని పేరు, ఊరు, తేదీ, సమయం అందులో రాస్తుంది. రీడ్‌ఎల్‌ఎన్ ఒక వరుస జవాబును అందుకుంటుంది. మెనూ ఒకే మీట నొక్కి ఎంచుకొనే ప్రశ్నకు, స్టోర్ ఆ ఎంపికను దాచడానికి పనికివస్తాయి. ఇందులో నాకు అన్నిటికంటె నచ్చినది, దస్త్రాన్ని తెరిచి చూడగానే ఫారం రూపం కంటికి కనబడడం. మరో బీబీఎస్ సాఫ్ట్‌వేర్ అయిన రిమోట్‌యాక్సెస్‌లో ప్రతి వాక్యాన్నీ డిస్‌ప్లే అనే ఆదేశం వెంట కొటేషన్లలో బిగించాలి కనుక, ఎక్కడ వరుస విరుగుతుందో, ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఎంత ఖాళీ వస్తుందో నడిపి చూస్తేగాని తెలియదు.

అయితే ఎంత మంచి భాష ఇచ్చినా, ఫారం బాగోగులు చివరకు రాసేవారి లెక్క మీదనే ఆధారపడతాయి. 80 గడుల వెడల్పు, 24 వరుసల ఎత్తు ఉన్న తెర నిండితే 1,920 అక్షరాలవుతాయి. ఒక అక్షరానికి ఆరంభ, ముగింపు బిట్లతో కలిపి పది బిట్లు పడతాయి కాబట్టి, సెకనుకు 2400 బిట్ల వేగపు మోడెమ్ మీద ఆ తెర రావడానికి ఎనిమిది సెకన్లు, 300 వేగం మీదైతే అరవైనాలుగు సెకన్లు పడుతుంది. ఒకే ఫోను లైను ఉన్న బోర్డులో ఆ అరవైనాలుగు సెకన్లూ మరొకరికి దారి మూసుకుపోయినట్టే. నా మొదటి ప్రతిలో ప్రతి ప్రశ్న చుట్టూ గీతల పెట్టె గీశాను. కుడివైపు గీత పడాలంటే మధ్యలోని ఖాళీలన్నీ కూడా పంపాలి, లేదా కర్సరును జరిపే సంకేతాలు పంపాలి. పసుపు రంగుకు మారడానికే ఏడు అక్షరాల ఆన్సీ సంకేతం (తెర రంగునూ కర్సరునూ నడిపే ఆదేశం) ఖర్చవుతుంది. పైగా ఆ గీతలు ఐబీఎం 437 అక్షర పట్టికకు చెందినవి కాబట్టి, అది లేని టెర్మినల్ (సభ్యుని వైపు తెర) మీద పెట్టె అర్థంలేని అక్షరాల గుంపుగా మారిపోయింది. రెండో ప్రతిలో పెట్టెలన్నీ తీసేసి, ప్రశ్నను ఒక రంగులో, జవాబును మరో రంగులో ఉంచి, ఏ వరుసనూ 79 గడులు దాటనివ్వలేదు. ఎనభయ్యో గడి నిండితే కొన్ని టెర్మినళ్లు తమంతట తామే కింది వరుసకు దిగి, మధ్యలో ఒక ఖాళీ వరుసను మిగులుస్తాయి.

తప్పనిసరి జవాబుల కోసం ఉన్న ఆన్స్‌రెక్ ఆదేశాన్ని చాలా పొదుపుగా వాడాలని నా గట్టి అభిప్రాయం. ఫోను నంబరు చెప్పడం ఇష్టంలేని మనిషిని ఎంటర్ నొక్కినా కదలనివ్వకపోతే, అతడు ఏవో అంకెలు కొట్టి బయటపడతాడు. సిస్‌ఆప్ చేతికి ఖాళీకి బదులు అబద్ధం చేరుతుంది. నేను పన్నెండింటిలో రెండింటికే దానిని పెట్టాను.

లోపాలు లేకపోలేదు. ముందుకు వెళ్లిన సభ్యుడు వెనక్కి వచ్చి జవాబు దిద్దుకొనే ఏర్పాటును సిద్ధంగా ఇవ్వలేదు. చివర "సరిగ్గా ఉన్నాయా" అని అడిగి, లేదంటే గోటూ ఆదేశంతో మొదటికి పంపినా, పాత జవాబులు దస్త్రంలో అలాగే ఉండిపోయి వాటి కింద కొత్తవి చేరతాయి. అందుకే తిరిగి పంపే ముందు రైట్ ఆదేశంతో "పైవి రద్దు" అన్న వరుస రాయించాను. అది అతుకే గాని పరిష్కారం కాదు. జవాబులన్నీ వట్టి పాఠ్యంగా ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి కనుక, వంద మంది నింపాక లెక్కతీయడం కూడా శ్రమే.

తెలుగువారికి సంబంధించిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న ఈ తెరలో ఒత్తులూ గుణింతాలూ ఇమడవు కాబట్టి తెలుగు జవాబులను రోమన్ లిపిలోనే తీసుకోవాలి. రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్నబడి టీ (t) రాస్తే త, పెద్దబడి టీ (T) రాస్తే ట అవుతుంది. జవాబులోని బడిని సాఫ్ట్‌వేర్ మార్చిందంటే "పాత" కాస్తా "పాట" అయిపోతుంది. రిమోట్‌యాక్సెస్‌లో అలా మార్చే ఆదేశం ఉంది గనుక దానిని ఆపి ఉంచాలి. మాక్సిమస్ నా పరీక్షలో కొట్టిన అక్షరాన్ని కొట్టినట్టే దాచింది.

2002లో మాక్సిమస్ మూల సంకేతాన్ని జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద విడుదల చేశారు కాబట్టి దీనిని నేడు ఎవరైనా ఉచితంగా దింపుకొని నడుపుకోవచ్చు. పాత బోర్డును తిరిగి నిలబెట్టాలనుకొనేవారికి, తక్కువ మాటల్లో ప్రశ్న అడగడం అభ్యసించదలచినవారికి దీనిని మనస్ఫూర్తిగా సూచిస్తాను. జవాబులను పట్టికగా మార్చి లెక్కలు తీయడమే ముఖ్యమైన పనిగా గలవారు మాత్రం వేరే సాధనం చూసుకోవాలి. నా ఫారం చివరి ప్రతి ఒకటిన్నర తెరలో ముగిసింది, 2400 వేగం మీద పన్నెండు సెకన్లలో.